రెండు మనసులు
చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వీసా కోరుకున్నవాడే, అమెరికన్ కాన్సులేట్ కిటికీ దగ్గర "చదువవగానే తిరిగొచ్చేస్తా" అంటాడు. నేనూ అన్నాను. అబద్ధమా అది? విద్యార్థి వీసాకి తిరిగి వెళ్ళే ఉద్దేశం ఉండాలన్నది షరతు. హెచ్-1బీకి మాత్రం, 1990 చట్టం పుణ్యమా అని, ఉండిపోవాలనుకున్నా తప్పులేదు. మనిషి అదే, ఫారం వేరు.

అబద్ధమనడానికి నాకు నోరు రాదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి వెళ్ళాలనీ ఉంటుంది, రావాలనీ ఉంటుంది. ఆ అధికారి సంగతి సరే (ఆయన రోజూ వినేదే). అదే మాట వాకిట్లో అమ్మకీ చెప్పి వచ్చాం. ఆవిడ దగ్గర ఏ చట్టమూ మినహాయింపు ఇవ్వదు. పండక్కి ఫోన్ చేస్తే ఇప్పటికీ "ఎప్పుడొచ్చేస్తున్నావురా" అనే అడుగుతుంది. ఎన్నాళ్ళుంటావని అడగదు.