పాస్కల్ పందెం, ఒక భర్త ఆడిన అబద్ధం

ఇద్దరు గంటల తరబడి మాట్లాడుకోవడమే కథగా సాగే ప్రేమచిత్రాలకు, మాట ఎంత నిష్కపటంగా ఉంటే ప్రేమ అంత గట్టిదన్న నమ్మకం పునాదిగా ఉంటుంది. వియన్నా వీధుల్లో తెల్లవారేదాకా తిరిగే జంటతో రిచర్డ్ లింక్‌లేటర్ 1995లో తీసిన ‘బిఫోర్ సన్‌రైజ్’కు బలం ఆ నమ్మకమే. అంతకు పాతికేళ్ల ముందే, 1969లో వచ్చిన ‘మోడ్ ఇంట్లో నా రాత్రి’లో ఫ్రెంచి దర్శకుడు ఎరిక్ రోమర్ దానిని మతపరమైన ప్రశ్నగా మార్చి, సత్యం పలకడమూ ప్రేమించడమూ ఎప్పుడూ ఒకే పనేనా అని అడిగాడు.

కథాస్థలం క్లెర్మాన్-ఫెరాన్, 1623లో బ్లేజ్ పాస్కల్ పుట్టిన ఊరు. పాస్కల్ మరణానంతరం 1670లో అచ్చయిన ‘పాన్సే’లోని ప్రసిద్ధమైన పందెం ప్రకారం, దేవుడు ఉన్నాడో లేడో తర్కంతో తేలనప్పుడు ఉన్నాడన్న వైపే మనిషి తన జీవితాన్ని ఒడ్డాలి, ఎందుకంటే గెలిస్తే వచ్చేది అనంతం, ఓడితే పోయేది పరిమితం. ఈ పందెం రోమర్‌ను చాలాకాలం వెంటాడింది. 1965లో పాఠశాలల టెలివిజన్ కోసం పాస్కల్ గురించి ఒక తత్త్వవేత్తకూ ఒక మతగురువుకూ మధ్య సంభాషణను కూడా ఆయన చిత్రీకరించాడు. ‘మోడ్ ఇంట్లో నా రాత్రి’లో మార్క్సిస్టు అధ్యాపకుడు విదాల్ ఆ లెక్కను చరిత్రకు వర్తింపజేసి, చరిత్రకు అర్థముందన్న వైపే తాను పందెం కాస్తానంటాడు. అతని మిత్రుడూ కథానాయకుడూ అయిన కాథలిక్ ఇంజినీరుకు మాత్రం పాస్కల్ కాఠిన్యం రుచించదు.

చర్చిలో చూసిన ఫ్రాన్సువాజ్ అనే యువతి తన భార్య అవుతుందని, ఆమె పేరైనా తెలియకముందే, డిసెంబర్ 21, సోమవారం నాడు ఈ ఇంజినీరు నిశ్చయించుకున్నాడు. తర్వాత మంచు కురిసిన ఒక రాత్రి, విడాకులు పొందిన వైద్యురాలు మోడ్ ఇంట్లో చిక్కుకుపోయి, ఆమెతో దైవకృప గురించీ శీలం గురించీ ఏదీ దాచకుండా మాట్లాడినట్టే మాట్లాడతాడు. అయితే ఆ నిశ్చయం సంగతి మాత్రం పైకి రానీయడు. చివరికి ఒంటికి దుప్పటి బిగించి చుట్టుకుని ఆమె మంచం మీదే పడుకుంటాడు. తెల్లవారుజామున ఆమె దగ్గరకు వచ్చినప్పుడు ముందు చేయి చాచి, మరుక్షణమే తటపటాయిస్తాడు, ఆమె లేచి వెళ్లిపోతుంది. అంత మాటా నిర్ణయాన్ని వాయిదా వేయడానికే పనికివచ్చింది.

అయిదేళ్ల తర్వాత, ఫ్రాన్సువాజ్‌ను పెళ్లాడి భార్యాబిడ్డలతో సముద్రతీరంలో ఉన్న అతనికి మోడ్ ఎదురవుతుంది. ఆమెతో తనకేమీ జరగలేదని భార్యకు చెప్పబోతూ, భార్య కలవరానికి కారణం తన గతం కాదనీ, మోడ్ భర్తతో ఆమెకు ఒకప్పుడున్న సంబంధం బయటపడుతుందన్న భయమనీ అతను గ్రహిస్తాడు. వెంటనే మాట మార్చి, మోడ్‌తో తనది చివరి తప్పటడుగని చెబుతాడు.

అబద్ధమేదైనా పాపమేనన్న సెయింట్ అగస్టీన్ బోధ ప్రకారం ఈ కాథలిక్ దోషి. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన మినహాయింపుల్లో ప్రాణ విత్త మానాల రక్షణ ఉంది కాబట్టి అక్కడ ఇతనికి కొంత ఆశ్రయం దొరకవచ్చు. కానీ శుక్రుడు ఆ మినహాయింపులను బలి సొంత సంపద నిలుపుకోవడానికి చూపాడు, ఈ భర్త మాత్రం చేయని తప్పును నెత్తిన వేసుకుని భార్య మర్యాదను కాపాడాడు. రాత్రంతా తన నిష్కాపట్యాన్ని తానే మెచ్చుకుంటూ మాట్లాడిన మనిషి, తన గౌరవం లెక్కచేయకుండా మరొకరి కోసం పలికిన మొదటి మాట ఇదే. ఇది క్షమ కాదనీ, భార్యాభర్తలు మాట్లాడుకోవలసిన అసలు విషయాన్ని తప్పించడమేననీ వాదించవచ్చు, ఆ వాదంలో బలమూ ఉంది, ఎందుకంటే ఫ్రాన్సువాజ్‌కు నోరు విప్పే అవకాశం రాలేదు. అయినా పాస్కల్ అడిగింది వాదంలో గెలుపు కాదు, ఫలితం తెలియకుండా తనను తాను ఒడ్డడం. ఆ కొలతతో చూస్తే ఇంజినీరు నిజంగా పందెం కాసింది మోడ్ గదిలో కాదు, ఆ తీరంలోనే.