కన్నునకు సాయము, బుద్ధికి గౌరవము

వృద్ధాప్యమందు మనుష్యుడు ఇతరుల సహాయము కోరవలసిన దినములు వచ్చును. కోరుటలో సిగ్గు లేదు. అయితే సహాయమంతయు ఒకే జాతిది కాదు. ఒక సహాయము మనుష్యుని తన పని తాను చేసికొనునట్లు నిలువబెట్టును. మరియొకటి ఆ పనిని అతని చేతిలోనుండి తీసివేయును. రెండును ప్రేమతోనే చేయబడవచ్చును. వీటి మధ్యనున్న భేదమును గ్రహించుటకు గొప్ప శాస్త్రగ్రంథములు అక్కరలేదు. పెద్ద అంకెలతో అచ్చువేసిన సుడోకు పుస్తకమొకటి చాలును.

సుడోకు నియమము పిల్లలకైనను బోధపడును. అడ్డముగా తొమ్మిది, నిలువుగా తొమ్మిది, మొత్తము 81 గళ్లుగల చతురస్రమది. అందులో తొమ్మిదేసి గళ్లుగల చిన్న చతురస్రములు తొమ్మిది యుండును. ప్రతి అడ్డు వరుసలోను, ప్రతి నిలువు వరుసలోను, ప్రతి చిన్న చతురస్రములోను 1 మొదలు 9 వరకు గల అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారియే రావలెను. కొన్ని అంకెలు ముందుగానే అచ్చువేయబడియుండును. మిగిలినవాటిని చదువరి పూరింపవలెను. సరిగా కూర్చబడిన లెక్కకు జవాబు ఒక్కటే. ఇందులో కూడిక లేదు, తీసివేత లేదు. కావలసినవి ఓర్పును తర్కమునే.

ఈ లెక్కను కల్పించినవాడుగా ఎంచబడుచున్నవాడు వృద్ధుడే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన హోవర్డ్ గార్న్స్ భవన నిర్మాణ శిల్పిగా పనిచేసి విరమించినవాడు. 1979లో, తన 74వ యేట, ఆయన కూర్చిన లెక్క ‘నంబర్ ప్లేస్’ అను పేరుతో డెల్ వారి పత్రికలో వెలువడెను. 1984లో జపానులోని నికోలి సంస్థ దానిని తమ చదువరులకు పరిచయము చేసెను. సుడోకు అను పేరు అక్కడ పుట్టినదే. గార్న్స్ 1989లో మరణించెను. హాంగ్‌కాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన వేన్ గూల్డ్ మూలముగా 2004 నవంబరులో అది లండన్ ‘టైమ్స్’ పత్రికకు చేరి, అటుపిమ్మట మన దేశపు దినపత్రికలతో సహా లోకమంతట వ్యాపించెను. కల్పించినవాడు ఆ కీర్తిని చూడలేదు.

దీనికి పూర్వరూపమనదగిన లాటిన్ చతురస్రములను 18వ శతాబ్దమున లియొనార్డ్ ఆయిలర్ పరిశోధించెను. ఆయన స్విట్జర్లండులోని బాసెల్ పట్టణమున ఒక సంస్కృత సంఘ పాదిరిగారి కుమారుడు. వార్ధక్యమున ఆయన చూపు దాదాపు పూర్తిగా పోయెను. అయినను పని ఆగలేదు. ఆయన చెప్పుచుండగా కుమారుడును శిష్యులును వ్రాసిరి, లెక్కలు విస్తరించిరి. వారు ఆయనకు కన్నులును చేతులునైరి; ఆలోచనకు యజమానుడు మాత్రము ఆయనయే. చూపు పోయినవానికి బుద్ధియు పోయినదని వారు తలంచియుండినయెడల గణితశాస్త్రము ఎంత నష్టపడియుండును!

ఇప్పుడు సామాన్య గృహమును చూడుడి. నలువది యేండ్లు దాటగానే చత్వారము వచ్చును. పిమ్మట శుక్లములు రావచ్చును; కొందరికి కంటి నడిమి చూపే మసకబారును. దినపత్రిక మూలనున్న చిన్న చతురస్రములో 3 యేదో 8 యేదో, 6 యేదో 9 యేదో తెలియదు. ఒక్క అంకె తప్పు చదివినను లెక్కయంతయు చెడును. రెండు మూడు దినములు ఈలాగు జరిగినపిమ్మట ఆ పెద్దాయన పెన్సిలు ప్రక్కనబెట్టి, తన బుద్ధి మందగించినదని తనలో తాను తీర్పు తీర్చుకొనును. ఇంటివారును అట్లే తలంతురు. నిజమునకు మందగించినది చూపే.

పెద్ద అచ్చు పుస్తకములు ఇట్టివారి నిమిత్తము పుట్టినవి. 1964లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ థోర్ప్ అల్వర్‌స్క్రాఫ్ట్ అను పేరుతో, చూపు తగ్గిన చదువరులకొరకు పెద్ద అక్షరముల పుస్తకములు ప్రచురింపనారంభించెను. పెద్ద అంకెల సుడోకు పుస్తకములో పుటకు ఒకటియో రెండో లెక్కలుండును. గీతలు దట్టముగా నుండును. గడిలో రాదగిన అంకెలను పెన్సిలుతో చిన్నగా గురుతు పెట్టుకొని, కానిదానిని చెరిపివేయుటకు స్థలముండును. గమనింపదగిన సంగతి యిది: అంకె రెండింతలైనను, మూడింతలైనను, లెక్క వెంట్రుకవాసియైనను సులభము కాలేదు. కన్నునకు సాయము దొరకెను. బుద్ధికి గౌరవము నిలిచెను.

అదే పుస్తకము చివరి పుటలలో జవాబులుండును. అవియు సహాయమే, అయితే రెండవ జాతి సహాయము. మనుమరాలు వెనుకనుండి తొంగిచూచి, “తాతగారూ, అక్కడ 7 వేయండి” అని ముద్దుగా చెప్పును. అందులో చెడుతనమేమియు లేదు. కాని తాతగారు అరగంటనుండి వెదకుచున్నది ఆ 7 కాదు. అది 7 యే యెందుకు కావలెనో ఆ కారణము.

ఈ చిన్న సంగతి గళ్లలోనే నిలిచిపోయినయెడల దీనిని గూర్చి వ్రాయనక్కరలేదు. బ్యాంకు కాగితమును బిగ్గరగా చదివి వినిపించుమని తల్లి అడుగును. “మీకెందుకమ్మా శ్రమ, సంతకము చేయండి, మేము చూచుకొందుము” అని కుమారుడు బదులు చెప్పును. తరువాత ఏ వైద్యుని యొద్దకు వెళ్లవలెనో, ఏ కుమారుని యింట నుండవలెనో, పొలము ఉంచవలెనో అమ్మవలెనో ఆమె లేకుండనే నిర్ణయింపబడును. ఆమె అడిగినది చూపు. ఆమె పోగొట్టుకొన్నది మాట చెల్లుబాటు.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు. కొందరికి వయస్సుతో జ్ఞాపకశక్తియు వివేచనయు నిజముగానే క్షీణించును. అప్పుడు వారి బదులుగా నిర్ణయించుట ప్రేమ ధర్మమే. అహంకారముచేత దానిని నిరాకరించుట మేలు కాదు. సుడోకు చేయుట ఆ క్షీణతను ఆపునని చెప్పుటయు సరికాదు. 1936లో పుట్టిన 498 మందిని గూర్చి స్కాట్లండు పరిశోధకులు 2018లో ప్రకటించిన పరిశీలనలో, ఇట్టి అభ్యాసములు క్షీణత వేగమును తగ్గించినట్లు కనబడలేదు. జీవితమంతయు బుద్ధికి పని కల్పించుకొన్నవారు మాత్రము ఉన్నతమైన మెట్టునుండి దిగనారంభించిరి. కాబట్టి ఈ లెక్కలను ఔషధమని పొగడనక్కరలేదు. మనుష్యుడు తనకు తెలిసినదానినే వ్రాసి, తెలియని గడిని ఖాళీగా ఉంచుట నేర్చుకొనిన అదియే చాలిన ఫలము. పొరుగువాని అక్కర పిలిచినప్పుడు పుస్తకము మూయవలెను. కాగితము ఎంతసేపైనను కనిపెట్టుకొనియుండును.

అయితే వివేచన తగ్గినదని నిశ్చయించుటకు ముందు, తగ్గినది చూపా, వినికిడియా, వివేచనయా అని విచారించుట ఇంటివారి బాధ్యత. యెరికో మార్గమున గ్రుడ్డివాడైన బర్తిమయి అక్కర అందరికిని కనబడుచుండెను; అయినను ప్రభువు అతనికి ఏమి కావలెనో మొదట అతనినే అడిగెను. ఆ ప్రశ్నకు క్షణకాలము మాత్రమే పట్టును. అది అడుగని గృహములో వృద్ధులు ఏండ్లకొలది మౌనముగా నుందురు.

కాబట్టి పెద్దల యెదుట చేయి చాపు ప్రతివాడును మొదట దీపమును దగ్గరకు జరుపవలెను, అక్షరమును పెద్దదిగా చేయవలెను, మెల్లగా చదివి వినిపింపవలెను. పెన్సిలు మాత్రము వారి చేతిలోనే ఉంచవలెను. వారే దానిని అందించిన దినమున, మర్యాదతో అందుకొనవలెను.