ఐదో శీలంలో గంజాయి లేదా?

 

ఆదివారం వందనం అయ్యాక ఒక కుర్రాడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు. "అన్నా, ఐదో శీలం కల్లు, సారా గురించే కదా. గంజాయి ఉత్త ఆకు. సాధువులు కూడా పీలుస్తారు గదా?" ఈ ప్రశ్న మీ వాడలోనూ వినే ఉంటారు.

సాధువులు పీలుస్తారన్నది మనకు సాక్ష్యం కాదు, అది వదిలేద్దాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. గంజాయి పేరు అందులో లేదు, నిజమే. కానీ ఐదో శీలానికి ప్రాణం 'పమాదం' అన్న పాళీ మాటలో ఉంది. అంటే ఏమరుపాటు. సారా వద్దన్నది అది సీసాలో ఉందని కాదు, ఎరుకను చెడగొడుతుందని. మరి గంజాయి చేసేదేమిటి?

అందులో టీహెచ్‌సీ అనే పదార్థం ఉంది. అది జ్ఞాపకాన్ని నిలిపే మెదడు భాగం మీద నేరుగా పనిచేస్తుంది. ఇప్పుడే విన్నమాట నిలవదు, చదివిన పాఠం అంటదు. బండి నడిపేవాడికి బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది. మెదడు పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్ళు పడుతుంది కాబట్టి పదిహేనేళ్ళకే మొదలుపెట్టినవాడికి నష్టం ఎక్కువ. చదువుకోండి అని బాబాసాహెబ్ చెప్పింది ఈ మెదడుతోనే గదా!

ఇంతా విని ఆ కుర్రాడు తల దించుకున్నాడు. "నాకు కాదన్నా. మా తమ్ముడు నెల నుంచి తలుపేసుకుని ఉంటున్నాడు. అందరూ వాడి గురించే మాట్లాడుతున్నారంటాడు. ఎవరూ లేకపోయినా మాటలు వినపడుతున్నాయంటాడు. అమ్మ తాయెత్తు కట్టించింది."

ఇది దయ్యం కాదు, చేతబడి కాదు. డాక్టర్లు దీన్ని సైకోసిస్ అంటారు. గంజాయి పీల్చిన ప్రతివాడికీ ఇది రాదు, అలా చెబితే పిల్లలు మనల్ని నమ్మరు. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ పీల్చేవాళ్ళకి, ఇంట్లో ఇదివరకే మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ. కొందరిలో మానేస్తే తగ్గుతుంది, కొందరిలో స్కిజోఫ్రెనియాగా నిలిచిపోతుంది. అందుకే ఆలస్యం చేయకూడదు. మనం పేరుకి బౌద్ధులమయ్యాం గానీ నిమ్మకాయలు ఇంకా గుమ్మానికి వేలాడుతూనే ఉన్నాయి.

మీ ఇంట్లో ఇలా ఉంటే కొట్టకండి, గెంటేయకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. ఎప్పటి నుంచి పీలుస్తున్నాడో, రోజుకి ఎంతో దాచకుండా చెప్పండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మత్తు మాన్పించే సలహాకి 14446 ఉంది. మానేసిన మొదటి ఒకటి రెండు వారాలు నిద్ర పట్టదు, అన్నం సయించదు, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటాడు. మానడం వల్లే జబ్బు చేసిందనుకుని తల్లులు మళ్ళీ డబ్బులు చేతిలో పెట్టేది ఆ రోజుల్లోనే. అప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఆ తమ్ముణ్ణి మేం మర్నాడు పొద్దున్నే ఓపీకి తీసుకెళ్ళాం. వాళ్ళమ్మ కూడా వచ్చింది. తాయెత్తు తీయమని నేను అడగలేదు.