మకరి పట్టు – తల్లి మొర

శ్రీమద్భాగవత ప్రథమస్కంధమున పరీక్షిన్మహారాజు కలిపురుషునకు నివాసస్థానములను నిర్ణయించుచు ద్యూతముతోపాటు మద్యపానమును గూడ పేర్కొనెను. కలి నిలిచిన గృహమున శాంతి నిలువదు. మద్యమునకు వశుడైన పురుషుని జూచి లోకము జాలిపడును. వశురాలైన తల్లిని జూచినచో ఛీకొట్టును. ఆ నిందకు వెఱచి ఆమె తన వ్యాధిని కొంగుమాటున దాచుకొనును. దాచిన వ్యాధి పెరుగునే గాని తరుగదు. అట్టి తల్లికి తరణోపాయమేది?

ఓరుగంటి సీమవారు ఇందుకు సమాధానము దూరమున వెదుకనక్కఱలేదు. పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి జనగామ జిల్లాలో చేరిన బమ్మెర గ్రామము పోతనామాత్యుని జన్మస్థానమని ప్రసిద్ధి. ఆ మహాకవి తెనిగించిన గజేంద్రమోక్షణము వినని తెలుగు తల్లి అరుదు. గజేంద్రుడు దుర్బలుడు కాడు. అయినను నీట నిలిచి పోరాడినకొలది మకరికి బలము హెచ్చెను, గజమునకు తగ్గెను. మద్యము పట్టును ఇట్టిదే. "రేపటినుండి నేనే మానెదను" అని ఎవరికిని చెప్పక ఒంటరిగా పెనుగులాడినకొలది అది బిగియును. తన బలము చాలదని గ్రహించి మొరపెట్టిన క్షణముననే గజేంద్రుని విముక్తి ఆరంభమయ్యెను. శరణాగతికి అంగమైన ఆకించన్యమనగా ఇదియే. 1935లో అమెరికాలో ఇరువురు మద్యపీడితులు ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము తన పండ్రెండు మెట్లలో మొదటిదిగా ఈ ఒప్పుకోలునే నిలుపుట గమనింపదగినది.

మొర విన్న స్వామి గజేంద్రుని పూర్వదోషములను విచారింపలేదు, పరుగున వచ్చెను. అప్పుడే ఈనిన ఆవు దూడ మేని మాలిన్యమును నాకి శుభ్రపఱచును. పూర్వాచార్యులు భగవంతుని వాత్సల్యమునకు దీనినే ఉపమానముగా జెప్పిరి. జగన్మాతయగు శ్రీమహాలక్ష్మియో, అపరాధియైన చేతనుని పక్షమున స్వామితో పలుకు పురుషకారభూత. ఇంట నొకరైనను ఆ తల్లి కొఱకు అట్టి పురుషకారము చేయవలదా? "ఇది వ్యాధి, చికిత్స చేయింతము" అని భర్తయో అత్తగారో పలికిన ఒక్కమాట ఆమెను ఒడ్డునకు జేర్చు ఆధారమగును.

అయితే వాత్సల్యమనగా తప్పును కప్పిపుచ్చుట కాదు. ఆమె మడుగు వీడవలెనన్నచో సీసా ఇల్లు వీడవలయును; భర్తయు తన పాత్రను విడువవలయును. చిరకాలము అధికముగా త్రాగినవారు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణముననే మాన్పింపవలయును. మ్రొక్కు చికిత్సకు తోడే గాని బదులు కాదు. మానిన పిదప మరల జాఱినను విడనాడరాదు. ఆనాడే మరల వైద్యుని జూపవలయును.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కూడి సారాయి అంగడిని మూయించిరి. వారి ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993లో సారాయి నిషేధింపబడెను. వీధిలోని అంగడి మూయుటకే అందఱ బలము కావలసివచ్చెను. మనసులోని అంగడిని ఒక్క తల్లియే మూయవలెననుట న్యాయమా?

ప్రాతఃకాలమున వణకని చేతితో బిడ్డకు అన్నము కలిపి పెట్టగలుగుట ఆ తల్లికి మోక్షతుల్యము. ఆ ఒక్కదినము గడచినచో మఱునాటికి బలము చేకూరును. ఆర్తత్రాణపరాయణుడగు శ్రీమన్నారాయణుడు ఆమెకు మొరపెట్టు ధైర్యమును, ఇంటివారికి ఆ మొర విను చెవిని అనుగ్రహించుగాక!