చేతిపనే నైవేద్యం: మోపిదేవి కుమ్మరి భక్తుడి కథ



మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "పొద్దున్నే లేస్తే ఆఫీసు, ట్రాఫిక్, డెడ్‌లైన్లు. ఇక మాకు భక్తి ఎక్కడ కుదురుతుంది?" దీనికి జవాబు దివిసీమలో ఉంది. విజయవాడ నుంచి కృష్ణ కరకట్ట మీదుగా సుమారు 70 కిలోమీటర్లు వెళితే మోపిదేవి. అక్కడ సుబ్రహ్మణ్యేశ్వరుడు చుట్ట చుట్టుకున్న పాము రూపంలో, లింగాకారంగా ఉంటాడు.

ఆ స్వామిని వెలుగులోకి తెచ్చింది ఓ కుమ్మరి అని స్థలపురాణం చెబుతుంది. పేరు వీరారపు పర్వతాలు. స్వామి కలలో కనిపించి, పుట్టలో ఉన్న తనని బయటకు తీసి ప్రతిష్ఠించమన్నాడట. పర్వతాలు అలాగే చేశాడు. మరి స్వామికి ఏం ఇవ్వాలి? బంగారం లేదు. చేతిలో ఉన్నది మట్టి, వచ్చింది కుమ్మరం. మట్టితో నంది, గుర్రం, కోడి లాంటి బొమ్మలు చేసి, కాల్చి, స్వామికి సమర్పించేవాడట.

కాల్చడం అన్న మాట గమనించండి. పచ్చి మట్టిబొమ్మ ఒక్క వానకి కరిగిపోతుంది. ఆములో మంట తట్టుకుంటేనే నిలుస్తుంది. దేవుడికే కదా, ఎలా చేసినా స్వీకరిస్తాడులే అని అతను అనుకోలేదు. గీత 18వ అధ్యాయం, 46వ శ్లోకం భావం కూడా ఇదే: ఎవరి పనితో వారు భగవంతుణ్ణి అర్చించి సిద్ధి పొందవచ్చు.

ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మా తాతయ్యది దివిసీమే. రెండెకరాల వరి, దాంతోపాటు వడ్రంగం. గుడికి ఏడాదికి ఒకట్రెండు సార్లు వెళ్లేవాడు, అంతే. ఓసారి పెద్ద భక్తుణ్ణన్న పొగరుతో అడిగాను, "తాతయ్యా, నువ్వు పూజలు చెయ్యవేంటి?" చిత్రిక పడుతూనే అన్నాడు, "వంకర గుమ్మం పెట్టి కొబ్బరికాయ కొడితే స్వామి ఊరుకుంటాడేంట్రా?"

నవ్వేసి ఊరుకున్నాను.

కిందటి కార్తీకంలో తాతయ్య పోయాడు. పెద్దకర్మ రోజు పక్క ఊరి నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. "1977 నవంబరు 19 ఉప్పెనలో మా ఇంటి గోడలు పోయాయి బాబూ. మీ తాత పెట్టిన గుమ్మం మాత్రం నిలబడింది. దాన్నే కొత్తింటికి పెట్టుకున్నాం. రోజూ పసుపు రాస్తాం" అన్నాడు. నాకు మాట రాలేదు. తాతయ్య పూజ ఏదో ఆ రోజు తెలిసింది. ఆయనతో ఆ మాట చెప్పే అవకాశం మాత్రం దాటిపోయింది.

పర్వతాలు చేసిన బొమ్మల్లో కొన్ని ఇప్పటికీ గుడిలో ఉన్నాయని చెబుతారు. చెయ్యి పోయింది, చేసింది మిగిలింది.

అలాగని దీపం మానేయమని కాదు. పొద్దున దీపం పెట్టండి. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచే ముందు ఒక్క క్షణం ఆగి, "స్వామీ, ఇది నీకు" అనుకోండి. అనుకున్నాక, ఎవరూ చూడరు కదా అని పచ్చిగా వదిలేయబుద్ధి కాదు. మీ పని మీద ఆధారపడేవాళ్లు ఎక్కడో ఉంటారు. వాళ్లకి అది గుమ్మంలా నిలబడాలి.

మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే, ఈ రోజే ఫోన్ చేయండి. నాలా ఆలస్యం చేయకండి.

ఓం శరవణభవ.