తోట, మంటపం, సిలువ



అపోస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో పునీత పౌలుగారు ఏథెన్సు నగరానికి వస్తారు. ఊరంతా విగ్రహాలతో నిండి ఉండడం చూచి ఆయన మనసు కలత చెందుతుంది. సంతవీధిలో ఎదురైన వారందరితోను ప్రతిదినం మాట్లాడతారు. అక్కడ ఆయనతో వాదానికి దిగిన వారెవరో 18వ వచనం చెబుతుంది. వారు ఎపికూరీయులు, స్తోయికులు. బైబులు చదివేటపుడు ఈ రెండు పేర్లను మనం దాటిపోతాం. కాని వారి మాటలు నేటికీ మన ఇళ్లలో, మన నోళ్లలో వినబడుతూనే ఉన్నాయి. అందుచేత ఈ వారం వారిని కాస్త పరిచయం చేసుకొందాం.

క్రీస్తుపూర్వం 341లో పుట్టిన ఎపిక్యూరస్ ఏథెన్సులో ఒక తోట కొని, అందులో బడి పెట్టాడు. ఆ బడికి 'తోట' అనే పేరే స్థిరపడింది. ఆడవారిని, బానిసలను కూడ అందులో చేర్చుకొన్నాడు. ఆనందమే జీవిత పరమార్థమని ఆయన బోధ. ఈ ఒక్క మాట పట్టుకొని లోకం ఆయనను తిండిపోతుగా, త్రాగుబోతుగా చిత్రించింది. ఇది న్యాయం కాదు. శరీరానికి బాధ లేకపోవడం, మనసుకు కలత లేకపోవడం – ఇదే ఆయన చెప్పిన ఆనందం. రొట్టెతో, నీళ్లతో తృప్తిగా గడిపిన మనిషి ఆయన.

కోరికలను ఆయన మూడు పద్దులుగా వ్రాశాడు. ఆకలికి అన్నం, దాహానికి నీరు: ఇవి సహజం, అవసరం. పంచభక్ష్య పరమాన్నాలు: సహజమే గాని అవసరం కాదు. కీర్తి, అధికారం, అంతులేని ధనం: సహజమూ కాదు, అవసరమూ కాదు. వీటికి హద్దు లేదు గనుక తృప్తి కూడ లేదు. మన విచారణలలో ప్రక్కింటివారికన్నా పెద్ద పందిరి వేయాలని అప్పు చేసి, ఆ పెళ్లికూతురు ఇద్దరు బిడ్డల తల్లి అయిన తర్వాత కూడ వడ్డీ కడుతున్న కుటుంబాలు లేవా? శుభలేఖలు అచ్చు వేయించక ముందే ఈ మూడు పద్దులు వ్రాసుకొంటే సగం అప్పులు పుట్టవు.

ఇంతవరకు మంచిదే. కాని ఎపిక్యూరస్ ఇంకొక మాట కూడ అన్నాడు. దేవతలు ఉన్నారు గాని మన బాగోగులు వారికి పట్టవు; చనిపోతే ఆత్మ అణువులై చెదిరిపోతుంది; కనుక ఊరి వ్యవహారాలకు దూరంగా, మిత్రులతో ప్రశాంతంగా బ్రతకండి అన్నాడు. ఆ తోటకు గోడ ఉంది. గోడ అవతల ఏడ్చేవారి సంగతి ఏమిటి?

రెండవ బడి స్తోయికులది. సైప్రసు ద్వీపానికి చెందిన జీనో క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో ఏథెన్సులోని ఒక చిత్రాల మంటపంలో బోధించాడు. గ్రీకు భాషలో 'స్తోవా' అంటే స్తంభాల మంటపం. ఆ పేరే వారికి వచ్చింది. తరువాతి కాలంలో బానిసగా బ్రతికిన ఎపిక్టెటస్, 161 నుండి 180 వరకు రోమా సామ్రాజ్యాన్ని ఏలిన మార్కస్ ఔరేలియస్ ఒకే పాఠం వల్లించారు. కొన్ని మన చేతిలో ఉన్నవి, కొన్ని లేనివి. మన తలంపులు, మన నడవడి మన చేతిలో ఉన్నాయి. ఆరోగ్యం, ఆస్తి, పదిమంది మెప్పు మన చేతిలో లేవు. విత్తడం రైతు చేతిలో ఉంది, వాన లేదు. చదవడం విద్యార్థి చేతిలో ఉంది, ర్యాంకు లేదు. ఈ తేడా తెలిసిన తండ్రి, మార్కులు తగ్గిన కొడుకుతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ఒక్క మాటకు బిడ్డలు ప్రాణాలు తీసుకొంటున్న ఈ రోజుల్లో ఇది చిన్న పాఠం కాదు.

కాని ఈ మంటపంలోను ఒక చలి ఉంది. దుఃఖించే వానిని మాటలతో ఓదార్చవచ్చు, అవసరమైతే అతనితో కలిసి మూలగవచ్చు, లోపల మాత్రం మూలగవద్దు అని ఎపిక్టెటస్ నేర్పాడు. ఇపుడు యోహాను సువిశేషం 11వ అధ్యాయం తెరవండి. లాజరు కోసం మరియమ్మ ఏడ్వడం చూచి ప్రభువు లోలోపలే కదలిపోయారు, కన్నీరు కార్చారు. కొద్ది నిమిషాలలో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడ ఏడ్చారు!

బిడ్డను భూస్థాపన చేసి వచ్చిన తల్లితో "ఏడవకమ్మా, విశ్వాసం ఉన్నవాళ్లు ఏడవరు" అని మనం అంటుంటాం. ఆ మాట సువిశేషంలోనిది కాదు, మంటపంలోనిది. పునీత పౌలుగారు తెస్సలోనికీయులకు దుఃఖించవద్దని వ్రాయలేదు; నిరీక్షణ లేనివారివలె దుఃఖించవద్దని వ్రాశారు. అలాగే "మన పిల్లలు బాగుంటే చాలు, ఊరి గొడవ మనకెందుకు?" అనే మాట కూడ సువిశేషంలోనిది కాదు. అది తోట గోడ వెనుకనుండి వచ్చిన మాట.

మరి పౌలుగారు వారిని తిట్టిపోశారా? లేదు. మనమంతా దేవుని సంతానమని చెప్పడానికి వారు ఎరిగిన గ్రీకు కవి మాటనే ఎత్తుకొన్నారు. మంచి ఎక్కడ ఉన్నా దానిని గౌరవించారు. కాని అక్కడ ఆగలేదు. మృతులలోనుండి లేచిన క్రీస్తును ప్రకటించారు. కొందరు నవ్వారు. కొందరు మరొకసారి వింటామన్నారు. దియొనీసియు, దమరి మొదలైనవారు విశ్వసించారు.

ఫిలిప్పీయుల లేఖ 4వ అధ్యాయంలో, కలిమిలోను లేమిలోను తృప్తిగా ఉండడం నేర్చుకొన్నానని ఆయన చెబుతారు. అక్కడ వాడిన పదం స్తోయికులకు ఎంతో ప్రియమైనది. ఎవరిమీదా ఆధారపడని తృప్తి అని దాని అర్థం. కాని రెండు వచనాల తర్వాత, ఆ బలం తనది కాదని, తనను బలపరచే క్రీస్తుదని చెబుతారు. ఇదే తేడా. పునీత అగుస్తీనుగారు ఈ ఏథెన్సు ఘట్టం మీదనే ఒక ప్రసంగం చేశారు. ఎపికూరీయుడు ఆనందాన్ని శరీరంలో వెదుకుతాడు, స్తోయికుడు తన మనోబలంలో వెదుకుతాడు, క్రైస్తవుడు దేవునిలో వెదుకుతాడు అన్నది దాని సారాంశం.

ఈ వారం మూడు పనులు చేద్దాం. తోటను తలచుకొని, అవసరం లేని ఒక ఖర్చు మానుకొందాం. మంటపాన్ని తలచుకొని, మన చేతిలో లేని ఒక చింతను సాయంకాల జపమాలలో దేవునికి అప్పగిద్దాం. సిలువను తలచుకొని, దుఃఖంలో ఉన్న ఒక ఇంటికి వెళ్లి, ఉపదేశం చేయకుండ వారి ప్రక్కన కూర్చొందాం. లాజరు కోసం ఏడ్చిన ప్రభువు ఆ ఇంట మనకంటె ముందే ఉంటారు.

ఆ ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.