అలంకారమా? చికిత్సయా?

ఒడలు పెరిగినవారిని జూచి లోకము నవ్వును. వారే నియమముగా నుండి యొడలు తగ్గించుకొన్నచో "ఏమి జబ్బు చేసినది?" అని యడుగును. తగ్గిన పిమ్మట సాగి వ్రేలాడు చర్మమును శస్త్రవైద్యునిచే తీయించుకొనబోయినచో "ఈ వయసున ఈ సోకులెందుకు?" అని యెత్తిపొడుచును. ఈ మూడు మాటలును ఒక్క నోటనే వచ్చుచుండుట మనమెరుగనిది కాదు. మొదటి రెండును అవివేకపు మాటలని చదువుకొన్నవారు గ్రహించియే యున్నారు. మూడవదానిని మాత్రము వారిలోను పలువురు నీతివాక్యముగనే తలంచుచున్నారు. ఆ తలంపు ఎంతవరకు న్యాయమో విచారింతము.

ముందు విషయమును స్పష్టముగా తెలిసికొనవలెను. మన చర్మములో కొల్లాజెన్, ఎలాస్టిన్ అను తంతువులు కలవు. చర్మమునకు బిగువును, సాగి మరల ముడుచుకొను గుణమును ఇచ్చునవి యివియే. ఏండ్లతరబడి మిక్కిలిగా సాగియున్న చర్మములో ఈ తంతువులు చెడిపోవును. అట్టివారు ఆహారనియమముచేతగాని, జీర్ణకోశమును చిన్నదిగా జేయు బేరియాట్రిక్ శస్త్రచికిత్సచేతగాని నలువది యేబది కిలోలు తగ్గినప్పుడు లోపలి క్రొవ్వు కరగునే కాని పైచర్మము ముడుచుకొనదు. అది పొత్తికడుపునుండి మడతగా తొడలమీదికి దిగును. చేతుల క్రిందను, రొమ్ముల క్రిందను, తొడల నడుమను వ్రేలాడును. మడతలలో చెమట నిలిచి ఒరిపిడియు, దురదయు, పుండ్లును, దుర్వాసనయు కలుగును. ఎంతటి వ్యాయామమును దీనిని తగ్గింపజాలదు. ఏ లేపనమును బిగింపజాలదు.

ఈ మిగులు చర్మమును కోసి తీసివైచి, ఉన్నదానిని సవరించి కుట్టుట ప్లాస్టిక్ సర్జరీ వైద్యుల పనులలో నొకటి. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1899లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హోవర్డు కెల్లీ యను వైద్యుడు ఒక స్త్రీ పొట్టనుండి ఏడు కిలోలకు పైబడిన చర్మమును క్రొవ్వును తీసివైచెను. నేడు కడుపునకు చేయునప్పుడు ఒక తుంటినుండి మరియొక తుంటివరకు కోయుదురు. బొడ్డునకు క్రొత్త తావు కల్పింతురు. ఎడమైన కండరములను దగ్గరకు జేర్చి కుట్టుదురు. చేతులకు, తొడలకు, రొమ్ములకు వేరువేరు దఫాలుగా చేయవలసి రావచ్చును. ఇందుచే చర్మము పోవును. మచ్చ మాత్రము జీవితాంతము నిలుచును.

ఇక నందికొట్కూరువంటి మెట్టసీమలో ఈ ప్రసంగమే పెద్దలకు కటువుగా తోచును. దానికి కారణము లేకపోలేదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకొన్నవారికి అన్నము పెట్టిన కథను ఈ జిల్లా నేటికిని చెప్పుకొనుచున్నది. 1876 మొదలు 1878 వరకు సాగిన ధాత కరువులో కర్నూలు సీమ మిక్కిలి దెబ్బతిన్నది. అప్పుడు సర్ రిచర్డు టెంపుల్ దొర కరువుపనిలో కూలివానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము చాలునని నిర్ణయించెను. అట్టి నేలపై కండ గలవాడే కలవాడు. "గంజి దొరకక పోయిన తాతల మనుమలు, తిండి యెక్కువై కత్తికి మేనొడ్డుటయా?" అని యొక ముదుసలి అడిగినచో ఆ ప్రశ్నను త్రోసివేయుట మర్యాద కాదు. దానికి సమాధానము చెప్పవలెను.

ఆ సమాధానమేమనగా: ఒడలు వచ్చుట యెల్లప్పుడును నాలుక చాపల్యము కాదు. కర్నూలు-కడప కాలువ క్రింద వరి పెరిగినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదయింటి ఆకలి తీర్చినది. అది గొప్ప మేలు. కాని ఆ వెనుకనే జొన్నరొట్టెయు, కొఱ్ఱన్నమును, రాగిసంగటియు వెనుకబడినవి. వరియన్నమే ప్రతిపూటయు భోజనమైనది. మోటారుబండ్లు వచ్చి నడక తగ్గినది. పూనాలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారు జరిపిన పరిశోధనలలో మరియొక సంగతి తేలినది. మన దేశపు శిశువులు ఆంగ్లదేశపు శిశువులకంటె తక్కువ తూకముతో పుట్టుచున్నను, వారి దేహములలో కండ పాలు తక్కువగను క్రొవ్వు పాలు ఎక్కువగను ఉండును. తల్లుల పోషణలోపమునకు ఇందు సంబంధము కలదని ఆయన వాదము. ఈ వాదమే నిజమైనచో, మనుమరాలి నడుము క్రొవ్వులో అవ్వ పస్తులకును కొంత భాగము కలదన్నమాట! 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో మూడవవంతుకు మించి అధికమైన తూకము గలవారుగా లెక్కకు వచ్చిరి. ఇంతమందియు తిండిపోతులని తీర్పు చెప్పుట తగదు. కరువును తలచుకొని కన్నీరు పెట్టువారు ఈ భారమును జూచి నవ్వరాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఈ శస్త్రము అలంకారమా, చికిత్సయా?

ప్రాణమునకు ముప్పు లేనిచోట కత్తి పట్టుటయే తప్పని కొందరందురు. దీనికి ప్రసిద్ధమైన నిదర్శనమొకటి ఫ్రాన్సు దేశమున కలదు. పిక్కలు సన్నముగా కనబడవలెనని కోరిన యొక యువతికి దుజారియే యను పేరుగల శస్త్రవైద్యుడు క్రొవ్వు తీయబోగా పుండు చెడి ఆమె కాలినే తీసివేయవలసివచ్చెను. 1929లో పారిస్ న్యాయస్థానము, ఆరోగ్యముగా నున్న అవయవముపై కేవలము రూపముకొరకు కత్తి పెట్టుటయే తప్పిదమని తీర్పు చెప్పెను. ఆ తీర్పులోని జాగ్రత్త మెచ్చదగినది. కాని పుండ్లుపడి, నడకకు అడ్డుపడు చర్మపు మడతను ఆరోగ్యవంతమగు అవయవమని యెట్లు చెప్పగలము?

మరియొక నిదర్శనము మన దేశములోనిదే. పద్దెనిమిదవ శతాబ్దాంతమున ఆంగ్లసైన్యమున ఎడ్లు తోలు కావస్జీ యనునతడు టిప్పు సుల్తాను వారికి చిక్కి ముక్కు కోల్పోయెను. పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమువాడొకడు అతని నొసటి చర్మమును దించి క్రొత్త ముక్కు అమర్చెను. ఈ వార్త 1794లో లండనులోని జెంటిల్మన్స్ మేగజైన్‌లో బొమ్మతో వెలువడెను. ఆ విధానమునే కార్ప్యూ యను వైద్యుడు 1814లో అచ్చట ప్రయోగించెను. ముక్కు పోయినంతమాత్రమున ప్రాణము పోదు. అయినను కావస్జీని సోకులరాయుడని యెవరును అనలేదు. ఏలన, అతడు అందగాడగుటకు కాదు, నలుగురిలో తన ముఖమును తాను మరచి తిరుగుటకే ఆ బాధకు ఓర్చెను.

ఈ "మరచుట" యను మాటలోనే మన ప్రశ్నకు జవాబు కలదని నా యభిప్రాయము. ఆరోగ్యవంతుడు తన శరీరమును మరచియుండును. కడుపు నొచ్చినప్పుడే కడుపు జ్ఞప్తికి వచ్చును. ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడే పాదము జ్ఞప్తికి వచ్చును. ఏ శస్త్రము మనుష్యుని తన దేహమును మరచి పనిలో పడనిచ్చునో అది చికిత్స. ఏది దినదినమును అద్దముముందు నిలిపి, ఇంకను కొలుచుకొమ్మని ప్రేరేపించునో అది, ఎంత నిపుణుడు చేసినను, రోగమునకు దోహదము. ఒకే కత్తి ఒకరికి మొదటిదియు వేరొకరికి రెండవదియు కావచ్చును.

నందికొట్కూరులో ఒక గృహిణి కలదనుకొందము. మధుమేహమునకు వెరచి, వైద్యుని మాట విని, రెండేండ్లు శ్రమించి నలువది కిలోలు తగ్గినది. కాని వంగి కసవూడ్వలేదు. వేసవిలో మడతలు ఒరసి రాత్రులు నిదుర రాదు. పెండ్లికి పోవుటకు చీర యెట్లు కట్టుకొందునా యని దిగులు. ఇందులో ఎంత బాధ దేహముది, ఎంత బాధ సిగ్గుది? ఆమెయే విడదీసి చెప్పలేదు. విడదీయుమని ఆమెను నిలదీయుట క్రూరత్వము.

కాని నిలదీయు ఏర్పాటొకటి కలదు. 2019లో భీమా నియంత్రణ సంస్థ ఆరోగ్యభీమాలో మినహాయింపులను క్రమపరచినది. దాని ప్రకారము నిర్ణీతమగు స్థూలతయు, వ్యాధులును ఉన్నచో జీర్ణకోశపు శస్త్రచికిత్సకు భీమా వర్తింపవచ్చును. రూపము మార్చు శస్త్రచికిత్సకో, ప్రమాదము, కాలుడు, కాన్సరు అనువాని పిమ్మటి పునర్నిర్మాణమునకుగాని, ఆరోగ్యమునకు ప్రత్యక్షమైన తక్షణపు ముప్పును తొలగించుటకని వైద్యుడు ధ్రువపరచినప్పుడుగాని తప్ప వర్తింపదు. హద్దు ఉండవలసినదే, లేనిచో ధనికుల ముచ్చటలకు సామాన్యుల సొమ్ము ఖర్చగును. అయితే పుండు తక్షణపు ముప్పు కాదు, నిత్యపు ముల్లు. కనుక లక్షలు పెట్టగలవాడు అవసరము లేకున్నను చేయించుకొనుచున్నాడు. అవసరము గల కూలిది మడతలలో పొడి చల్లుకొని పొలమునకు పోవుచున్నది. నీతిని గూర్చి మాటాడువారు ఆగ్రహింపవలసినది ఇచ్చటనే.

రెండవవైపు అపాయమును మరువరాదు. 2001లో "నువ్వు నాకు నచ్చావ్" చిత్రముతో మనవారికి పరిచితురాలైన ఆర్తీ అగర్వాల్ 2015 జూను 6న అమెరికాలో ముప్పదియొకటవ యేట మరణించెను. కొద్ది వారములముందు ఆమె క్రొవ్వు తీయు లైపోసక్షన్ చికిత్స చేయించుకొన్నట్లు పత్రికలు వ్రాసినవి. మరణమునకు అదియే కారణమని తీర్పు చెప్పుట మన పని కాదు. కాని నటి ఒడలు ఒక్క వ్రేలెడు పెరిగినచో వార్తగా జేసి చదువుకొను మనము, ఆమెను తన దేహమును ఒక్కదినమైనను మరువనిచ్చితిమా? ఆ ప్రశ్నకు జవాబు ప్రతి ప్రేక్షకుడును తనకు తాను చెప్పుకొనవలెను.

కావున ఈ చికిత్సను తలపెట్టువారు కొన్ని సంగతులు తెలిసియుండవలెను. లైపోసక్షన్‌గాని, చర్మము తీయుటగాని తూకము తగ్గించు మార్గములు కావు. తూకము తగ్గి, కొన్ని నెలలు నిలకడగా నున్న పిదపనే చర్మమును సవరింపవలెను. బేరియాట్రిక్ చికిత్సయైనచో సాధారణముగా ఏడాది, ఏడాదిన్నర ఆగుదురు. రక్తహీనత, మాంసకృత్తుల లోపము ఉన్నచో ముందు వానిని సరిచేయవలెను. పొగ త్రాగువారికి గాయము సరిగా మానదు. గాయము క్రింద నీరు చేరుట, కాలి సిరలలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుట మొదలగు అపాయములు కలవు. ఇవన్నియు దాచక చెప్పు వైద్యునే యాశ్రయింపవలెను. మచ్చను గూర్చి చెప్పక అందమును గూర్చి మాత్రమే చెప్పువానిని విడువవలెను.

ఇక ఇంటివారి కర్తవ్యము మిగిలినది. కత్తి చర్మమును తీయగలదు, ఎగతాళిని తీయజాలదు. భర్తయు, అత్తయు, ఆడుబిడ్డయు, అన్నదమ్ములును పూటపూటకు ఆమె యొంటిని గూర్చి మాటాడుచుండగా ఏ శస్త్రమును ఆమెకు స్వస్థత నీయదు. చికిత్స చేయించుకొనుటయో మానుటయో ఆమె నిర్ణయము. ఆమె తన శరీరమును మరచి బ్రతుకగల యింటిని కల్పించుట మన పని. దానికి లక్షలు అక్కరలేదు.